కెటిల్ కొనే ముందు వంటింట్లో ప్లగ్గు పాయింటు చూసుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఈ మధ్యే బెంగళూరు మున్నేకొలాలలో అద్దె ఫ్లాటుకు వచ్చారు. ఇంట్లో మీ దంపతులు, మీ అత్తగారు, నాలుగేళ్ల పాప. పొద్దున డికాక్షన్‌కి, అత్తగారు తాగే వేడినీళ్లకి, పాప ఫ్లాస్కుకి ఒక ఎలక్ట్రిక్ కెటిల్ కావాలి. ఆన్‌లైన్‌లో చూస్తే 600 నుంచి 5000 దాకా ఉన్నాయి. స్టీలుదా, గాజుదా? ఎన్ని వాట్లది? అందులో పాలు కూడా కాచుకోవచ్చా?

సూటిగా చెప్పేస్తాను. ఒకటిన్నర లీటరుది, 1500 వాట్లది, లోపలంతా స్టీలు ఉండి బయట ఇంకో పొర ఉన్నది (డబుల్ వాల్ అంటారు) తీసుకోండి. 1200 నుంచి 1800 లోపు మంచిదే వస్తుంది. పాలు మాత్రం వద్దు. వంటింట్లో లావు పిన్నులు పట్టే పవర్ పాయింటు ఖాళీగా లేకపోతే 1500 వాట్లది కొనకండి, 1000 లేదా 1200 వాట్లదానితో సరిపెట్టుకోండి. బ్రాండు ఏదన్నది ఆ తర్వాతి సంగతి.

నాది హిందూపురం. కె.ఆర్.పురం దగ్గర మిక్సీలు, గ్రైండర్లు, గీజర్లు బాగుచేసే చిన్న షాపు 19 ఏళ్లుగా నడుపుతున్నాను. మొదట్లో కెటిల్ అంటే పీజీల్లో ఉండే కుర్రాళ్లు తెచ్చేదే. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. రిపేరుకు వచ్చినవి విప్పి చూసిన అనుభవంతో చెబుతున్నాను, కొత్తవి నేను అమ్మను.

ముందు ప్లగ్గు. చాలామంది ఫొటోలు చూసి, రివ్యూలు చదివి, ఆర్డరు పెట్టేశాక, డబ్బా ఇంటికొచ్చాక ఎక్కడ పెడదామా అని చూస్తారు. లెక్క పెద్దదేం కాదు. వాట్లను 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలుస్తుంది. 1500 వాట్లకు ఆరున్నర. టీవీకి, ఫోన్ ఛార్జరుకు వాడే సన్న పిన్నుల పాయింటు ఉండేది 6 ఆంపియర్లకే. గీజరుకు, వాషింగ్ మెషీనుకు వాడే లావు పిన్నులది 16 ఆంపియర్లది. (పాతకాలం ఎలక్ట్రీషియన్లు వీటిని ఇంకా 5 ఆంప్, 15 ఆంప్ అంటారు. పేర్లే తేడా, పాయింట్లు అవే, కంగారు పడకండి.)

అర ఆంపియరే కదా, ఏమవుతుంది అనిపిస్తుంది. కొత్త ఇంట్లో, కొత్త పాయింటులో ఒకటి రెండుసార్లకు ఏమీ కాదు. అద్దె ఇళ్లలో పాయింట్లు ఎంతమంది చేతులు మారి ఉంటాయో మీకు తెలుసు. లోపల పిన్నును పట్టుకునే ఇత్తడి పత్తీలు వదులై ఉంటాయి. వదులైన చోట కరెంటు వెళ్లేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి పత్తీ ఇంకా వదులవుతుంది. మారతహళ్లి పీజీ కుర్రాడొకడు ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఒక పక్క కెటిల్, ఇంకో పక్క ఇస్త్రీపెట్టె పెట్టి రెండూ ఒకేసారి వేశాడు. ప్లగ్గు కరిగి బోర్డుకు అతుక్కుపోయింది. రెండింటినీ విడదీయలేక అలాగే సంచీలో వేసుకుని షాపుకు తెచ్చాడు. నేను రంపంతో కోశాను. కెటిల్‌కు ఏమీ కాలేదు, కొత్త తీగ వేస్తే ఇప్పటికీ పనిచేస్తోంది.

కాబట్టి కెటిల్‌ను నేరుగా గోడ పాయింటుకే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. లావు పిన్నుల ప్లగ్గును సన్న పాయింటులో పట్టించడానికి 40 రూపాయల కన్వర్టర్ దొరుకుతుంది చూడండి, అది అసలే వద్దు. దాన్ని తయారు చేయడం ఎందుకు ఆపరో నాకు అర్థం కాదు. ఫ్రిజ్ పాయింటు లాగేసి కెటిల్ పెట్టడం కూడా మంచిది కాదు, తిరిగి పెట్టడం మరిచిపోతారు. మైక్రోవేవ్ పాయింటును వంతుల వారీగా వాడుకుంటే ఇబ్బంది లేదు.

ఇంకొకటి, ఎర్త్. రామ్మూర్తి నగర్ నుంచి ఒక పెద్దావిడ ఒకే కెటిల్‌ను మూడుసార్లు తెచ్చారు. "పట్టుకుంటే చిమచిమలాడుతోంది నాయనా" అంటారు. షాపులో పెట్టి చూస్తే ఏమీ లేదు. మూడోసారి నేనే వాళ్లింటికి వెళ్లాను. పాయింటు విప్పితే పై పెద్ద రంధ్రానికి వెళ్లాల్సిన ఆకుపచ్చ తీగ లేనే లేదు, కత్తిరించి లోపలే వదిలేశారు. పాత హీటరులో కాస్త చెమ్మ చేరితే చాలు, కొద్దిగా కరెంటు స్టీలు ఒంటికి వస్తుంది. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే పట్టుకున్నవాళ్ల చేతిలోకి వస్తుంది. మిక్సీ ఒళ్లు ప్లాస్టిక్ కాబట్టి అన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు, స్టీలు కెటిల్ వచ్చాక బయటపడింది. మీరు ఇంట్లో దిగగానే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వంటింటి పాయింట్లలో ఎర్త్ ఉందో లేదో చూపించండి. మీటరు బోర్డు దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉందో లేదో కూడా అడగండి. ఒంటి గుండా కరెంటు పోతుంటే క్షణంలో పట్టి ఆపేది అదే. మామూలు ఎం.సి.బి. ఆ పని చేయదు, అది లోడు ఎక్కువైతేనో, షార్ట్ అయితేనో పడుతుంది.

అపార్టుమెంటు కాబట్టి ఇంకో మాట. కరెంటు పోయి జనరేటర్ మీద ఉన్నప్పుడు ఒక్కో ఫ్లాటుకు ఇచ్చే లోడు తక్కువ. మా అపార్టుమెంటులో ఒక కిలోవాటే. ఆ టైములో కెటిల్ వేస్తే ఇల్లంతా చీకటి, కిందికి దిగి సెక్యూరిటీ అబ్బాయిని బతిమాలుకోవాలి. ఇంటి ఇన్వర్టరు మీద కూడా నడవదు. కరెంటు పోయినప్పుడు గ్యాసే గతి, కెటిల్ ఉంది కదా అని గ్యాసు మీద పెట్టే గిన్నె అటకెక్కించకండి.

ఇక కెటిల్ లోపల ఏముంటుందో రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే ఏది చూసి కొనాలో దాన్నిబట్టే తెలుస్తుంది. అడుగున ఒక హీటరు, పిడి దగ్గర ఒక స్విచ్చు, కింద కెటిల్ కూర్చునే పళ్లెం. అంతే. నీళ్లు మరిగినప్పుడు ఆవిరి ఒక సన్న దారి గుండా పిడిలోకి వెళ్లి, అక్కడున్న చిన్న రేకుకు తగులుతుంది. రెండు రకాల లోహాలు అతికించిన రేకు అది. వేడెక్కగానే ఠక్కున వంగి స్విచ్చు ఆపేస్తుంది. అందుకే మూత సరిగా పడకపోతే కెటిల్ ఆగదు. ఆవిరి పైకి పోతుంది, రేకు దాకా రాదు. నీళ్లు మరుగుతూనే ఉంటాయి.

నాకే జరిగింది ఒకసారి. మూత సగం పడింది, నేను ఫోనులో మా బావమరిదితో మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి చుక్క నీరు లేదు. అయినా ఇల్లు తగలబడలేదు, ఎందుకంటే అడుగున ఇంకో రక్షణ ఉంటుంది. నీళ్లు లేక అడుగు విపరీతంగా కాలితే అక్కడున్న రేకు వంగి కరెంటు తెంచేస్తుంది. డబ్బా మీద 'డ్రై బాయిల్ ప్రొటెక్షన్' అని రాస్తారు. అది లేనిదాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఈ స్విచ్చులు తయారుచేసే కంపెనీలు వేరే ఉన్నాయి. బ్రిటన్ పక్కనున్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని స్ట్రిక్స్ కంపెనీ, ఇంగ్లండులోని ఆటర్ కంపెనీ ఇందులో పేరున్నవి. కెటిల్ వివరాల్లో ఆ పేర్లు కనిపిస్తే ధర కాస్త ఎక్కువైనా న్యాయమే అనుకోండి.

షాపుకెళ్లి కొనేటట్టయితే మూతను నాలుగైదుసార్లు తీసి వేసి చూడండి. గట్టిగా 'టక్' మని పడాలి. బి.వి.కె. అయ్యంగార్ రోడ్డులో ఇలాంటివి వరసగా పెట్టి అమ్ముతారు, చేత్తో పట్టుకుని చూడనిస్తారు. పిడి పట్టుకున్నప్పుడు వేళ్ల వెనక భాగం స్టీలుకు తగలకూడదు. మూత పూర్తిగా వెనక్కి పడాలి, నోరు చేయి పట్టేంత వెడల్పు ఉండాలి, లేకపోతే కడగలేరు. నీళ్లు ఉన్నట్టు ఊహించుకుని ఒంచి చూడండి. ఒకటిన్నర లీటరు నీళ్లు, కెటిల్ బరువు కలిపి రెండు కిలోలు దాటుతుంది. మీ అత్తగారికి మణికట్టు నొప్పి ఉంటే ఒక లీటరుదే మేలు. ఫొటోలో ఇవేవీ తెలియవు.

స్టీలా, గాజా, ప్లాస్టిక్కా అన్నదానికి నా ఓటు స్టీలుకే. గాజువి చూడ్డానికి బాగుంటాయి, నీలి లైటు వెలుగుతుంది, పిల్లలు ముచ్చటపడతారు. మంచివాటిలో వాడేది బోరోసిలికేట్ గాజు కాబట్టి వేడికి పగలదు. కానీ సింకులో కుళాయికి తగిలితే పగులుతుంది, ట్యాంకర్ నీళ్లకు వారంలోనే తెల్లగా మసకబారుతుంది. ప్లాస్టిక్ ఒంటివి తేలిక, చవక. లోపల వాడింది పాలీప్రొపిలీన్ అయితే భయపడాల్సింది లేదు, అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటుంది. కాకపోతే మొదటి నెలంతా ఆ వాసన. కాఫీలో వాసన పట్టేవాళ్లు ఇంట్లో ఉంటే తెచ్చి లాభం లేదు. స్టీలు కెటిల్ కొన్నా కొన్నింటికి మూత లోపలివైపు, నీటి మట్టం చూపే కిటికీ ప్లాస్టిక్‌వే ఉంటాయి. ఆ కిటికీ అంచు దగ్గరే తర్వాత లీకు మొదలవుతుంది. కిటికీ బయట లేకుండా, లోపలివైపు గీతలు ఉన్నవే నాకు ఇష్టం.

స్టీలులో 304 అని రాసి ఉంటే మంచిది. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, తుప్పు పట్టదు. చవకరకాల్లో నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 201, 202 వాడతారు. అయస్కాంతం అతుక్కోకపోతే మంచి స్టీలు అని చాలామంది పరీక్ష పెడతారు. ఆ 201కి కూడా అయస్కాంతం అతుక్కోదు, కాబట్టి ఆ పరీక్షతో ఏమీ తేలదు. రాసిన నంబరును, కంపెనీ పేరును నమ్మాల్సిందే.

మీ ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది కాబట్టే డబుల్ వాల్ అన్నాను. ఒకే పొర ఉన్న స్టీలు మరిగే నీళ్లంత వేడిగానూ ఉంటుంది, ముట్టుకుంటే బొబ్బే. రెండో పొర ఉంటే బయట గోరువెచ్చగా ఉంటుంది, నీళ్లు కూడా ఇంకాసేపు వేడిగా ఉంటాయి. అంతకన్నా ముఖ్యమైనది తీగ గట్టు మీద నుంచి కిందికి వేలాడకూడదు. హిందూపురంలో మా తమ్ముడి మనవడు అలా వేలాడే తీగ పట్టుకుని లాగాడు. కెటిల్ వాడి పక్కనే పడింది. అందులో నీళ్లు అప్పటికే చల్లారిపోయి ఉన్నాయి, దేవుడి దయ. ఆ రోజు నుంచి మా ఇళ్లలో కెటిల్ గోడవైపు జరిపి పెడతాం, మిగిలిన తీగను పళ్లెం కింద చుట్టేస్తాం. కింద తీగ చుట్టుకునే గాడి దాదాపు అన్నింటికీ ఉంటుంది, ఎవరూ వాడరు.

ఇప్పుడు నీళ్ల సంగతి. మీ ప్రశ్నలో ఇది లేదు, కానీ మున్నేకొలాల అన్నారు కాబట్టి అడక్కపోయినా చెప్పాలి. మీకు ట్యాంకరో, బోరో అయి ఉండే అవకాశం ఎక్కువ. కావేరి నీళ్లు టి.కె.హళ్లి పంపింగ్ స్టేషను నుంచి సుమారు 100 కిలోమీటర్లు పంపులతో ఎక్కించుకుని వస్తాయి. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలయ్యాక ఊరి అంచుల్లోకి కూడా రావడం పెరిగింది. అయినా ట్యాంకర్ మీద బతికే అపార్టుమెంట్లకు ఈ ఊళ్లో లోటు లేదు. ఇక్కడ వాటిని ఉప్పునీళ్లు అంటారు గానీ కెటిల్‌కు శత్రువు ఉప్పు కాదు, సున్నం. భూమిలోంచి వచ్చిన నీళ్లలో కాల్షియం బైకార్బనేట్ కరిగి ఉంటుంది. కాచినప్పుడు అది విడిపోయి సున్నపురాయి పొడిగా మారి అడుగున కూర్చుంటుంది. స్నానాల గది కుళాయికి తెల్లగా పట్టేది కూడా ఇదే జాతి.

మొదట పల్చటి మసకలా ఉంటుంది. తర్వాత పెచ్చులు కడుతుంది. 'కెటిల్ చచ్చిపోయింది' అని తెచ్చేవాటిలో చాలా వాటికి అసలు జబ్బు ఇదే. ఒకాయన ఏడాదిన్నర వాడిన కెటిల్ తెచ్చాడు. నీళ్లు మరక్కుండానే ఆగిపోతోంది, కాసేపటికి దానంతట అదే వస్తోంది, మళ్లీ ఆగుతోంది. మూత తీసి చూస్తే అడుగున గోడకు సున్నం వేసినట్టు రెండు మూడు మిల్లీమీటర్ల పొర. ఆ పొర హీటరు వేడిని నీళ్లలోకి పోనివ్వదు. అడుగు కాలిపోతుంది, నీళ్లు లేవేమోనని ఇందాక చెప్పిన కింది రేకు కరెంటు తెంచేస్తుంది. చల్లారగానే మళ్లీ కలుపుతుంది. అప్పటికే ఆయన కొత్తదానికి ఆర్డరు పెట్టేశాడట. నేను వాడింది 20 రూపాయల నిమ్మ ఉప్పు. రెండుసార్లు పెడితే అడుగు అద్దంలా తేలింది.

పద్ధతి రాసి పెట్టుకోండి. కెటిల్ సగం దాకా నీళ్లు కాచి, స్విచ్చు ఆపేసి, ప్లగ్గు తీసేశాక, చిన్న చెంచాతో కొద్దికొద్దిగా మొత్తం మూడు నాలుగు చెంచాల నిమ్మ ఉప్పు వేయండి. ఒకేసారి వేస్తే బుసబుస పొంగుతుంది. ఒక అరగంట వదిలేయండి. తర్వాత పారబోసి, రెండుసార్లు కడిగి, ఒకసారి మామూలు నీళ్లు కాచి అవీ పారబోయండి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు తెలియకపోతే సిట్రిక్ యాసిడ్ అని అడగండి. వెనిగర్ కూడా పనిచేస్తుంది కానీ ఆ వాసన రెండు రోజులు వదలదు. చింతపండు ఇత్తడికి బాగుంటుంది గానీ దీనికి దండగ. స్టీలు పీచుతో మాత్రం ఎప్పుడూ తోమకండి, గీతలు పడ్డచోట సున్నం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ట్యాంకర్ నీళ్లకు నెలకోసారి, కావేరి నీళ్లకు రెండు మూడు నెలలకోసారి చాలు. తాగడానికి ఆర్.ఓ. ఉంటే కెటిల్‌లో కూడా ఆ నీళ్లే పోయండి, దాదాపు ఈ బాధే ఉండదు.

కెటిల్ చప్పుడు రోజురోజుకూ ఎక్కువవుతోందంటే అది కూడా చాలావరకు సున్నమే. నీళ్లలో తేలే తెల్లటి రేకులు చూసి ప్లాస్టిక్ ఊడుతోందని భయపడి ఫోను చేసేవాళ్లున్నారు. అవీ అవే. అడుగున ఇంద్రధనుస్సు రంగులో మరక కనిపిస్తే అది కూడా స్టీలు మీద నీటిలోని లవణాల పనే, తుప్పు కాదు. ఎర్రగా, చుక్కలు చుక్కలుగా ఉండి, నిమ్మ ఉప్పుకు పోయి మళ్లీ మళ్లీ వస్తుంటే అప్పుడు తుప్పు అనుకోవచ్చు.

పాలు. మీ అత్తగారు అడిగారని రాశారు, ఆవిడకు కోపం రాకుండా చెప్పండి. పాలు కాగేటప్పుడు పొంగుతాయి, అందరికీ తెలిసిందే. గ్యాసు మీదైతే ఎదురుగా నిలబడి మంట తగ్గిస్తాం. కెటిల్‌కు తగ్గించడం తెలియదు, ఉంటే మొత్తం మంట లేదా సున్నా. పాల నురుగు ఆవిరి దారిలోకి ఎగబాకి స్విచ్చు దగ్గర ఎండిపోతుంది. ఇంకొంత కొమ్ములోంచి పొంగి కింది పళ్లెంలోకి, కరెంటు కలిసే ముల్లు దగ్గరికి పోతుంది. అడుగున మాడిన పొర ఎంత తోమినా పూర్తిగా రాదు, తర్వాత కాచిన నీళ్లలో కూడా మాడు వాసన. టీ పొడి, చక్కెర వేసి అందులోనే టీ పెట్టడం కూడా ఇలాంటిదే. కెటిల్ పాడైతే వారంటీ కూడా ఇవ్వరు. పుస్తకంలో 'నీళ్లకు మాత్రమే' అని ఉంటుంది, సర్వీసు సెంటరులో మూత తీయగానే వాసన పట్టేస్తారు.

పాలే ముఖ్యమైతే 'మల్టీ కెటిల్' అని వేరే రకం ఉంది. నోరు గిన్నెలా వెడల్పు, వేడి తగ్గించే తిప్పుడు బటను ఉంటుంది. నూడుల్స్, గుడ్లు, పాలు అన్నీ అందులో చేసుకోవచ్చు. ఒంటరిగా ఉండే కుర్రాళ్లకు భేషుగ్గా ఉంటుంది. మీకు ఇంట్లో గ్యాసు ఉంది, పాలు అక్కడే కాయండి.

సైజు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, 'మినిమం' గీత చూడండి. ఒకటిన్నర లీటరు కెటిళ్లలో చాలావాటికి అది అర లీటరు దగ్గర ఉంటుంది. ఒక్క కప్పు కోసం కూడా అర లీటరు కాచాల్సి వస్తుంది. మీరు ముగ్గురు పెద్దవాళ్లు కాబట్టి పరవాలేదు. పై గీత దాటి పోస్తే మరిగేటప్పుడు కొమ్ములోంచి వేడినీళ్లు చిమ్ముతాయి.

కరెంటు బిల్లు భయం చాలామందికి ఉంటుంది. ఒక లీటరు మామూలు నీళ్లు మరగడానికి అటూ ఇటూగా 0.1 యూనిట్ కన్నా తక్కువే పడుతుంది. యూనిట్ 7 రూపాయలనుకుంటే 70 పైసల లోపు. 14.2 కిలోల సిలిండర్ 900 అనుకుని లెక్క వేస్తే గ్యాసు మీద కూడా ఇంచుమించు అంతే అవుతుంది. చిన్న గిన్నెకు పెద్ద మంట పెడితే గ్యాసే ఎక్కువ. అంటే డబ్బు మిగులుతుందనీ కాదు, పోతుందనీ కాదు. నీళ్లు పెట్టి పాపను స్కూలుకు తయారు చేసుకోవచ్చు, దానంతట అది ఆగుతుంది. దానికోసమే కొంటున్నాం. 1500 వాట్లదానికి లీటరు నీళ్లు నాలుగు నిమిషాలు, 1000 వాట్లదానికి ఆరు నిమిషాల పైన. సాయంత్రం వోల్టేజి 200కి పడిపోతే 1500 వాట్లది కూడా 1130 వాట్ల దగ్గరే పనిచేస్తుంది. అప్పుడు ఆలస్యమైందని కెటిల్‌ను తిట్టకండి.

అత్తగారు తాగే నీళ్ల విషయంలో ఒక అనుమానం సాధారణంగా అడుగుతారు. కెటిల్ మరగ్గానే ఆగిపోతుంది కదా, క్రిములు చస్తాయా అని. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అయినా తెర్లి, మూత తీయకుండా అలాగే చల్లారనిస్తే క్రిములకు అది చాలు. నీళ్లు అనుమానంగా ఉంటే ఆగిన వెంటనే ఇంకోసారి నొక్కండి. క్రిములు చస్తాయి కానీ నీళ్లలో ఉన్న ఉప్పు, సున్నం ఎక్కడికీ పోవు, కాచినవి కదా అని టి.డి.ఎస్. (నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క) తగ్గదు.

80 డిగ్రీలు, 90 డిగ్రీలు అని బటన్లు ఉన్నవాటికి ధర ఎక్కువ. గ్రీన్ టీ రోజూ తాగేవాళ్లకు తప్ప అనవసరం. మరిగాక మూత తీసి నాలుగైదు నిమిషాలు ఆగితే వేడి ఆ దరిదాపులకు దిగుతుంది. ఫిల్టరు కాఫీకి అదీ అక్కర్లేదు, ఆగగానే పోసేయండి. 'కీప్ వార్మ్' కూడా అంతే, రెండో పొర ఉంటే అది చేసే పని చాలావరకు ఇదే చేస్తుంది.

బ్రాండు పేరు చెప్పమంటే ఒక్క పేరు చెప్పను. పిజియన్ చేసే స్టవ్‌క్రాఫ్ట్, టి.టి.కె. ప్రెస్టీజ్ రెండూ బెంగళూరు కంపెనీలే, బటర్‌ఫ్లై చెన్నైది. ఫిలిప్స్, హావెల్స్, బజాజ్ లాంటివి ఎలాగూ ఉన్నాయి. నేను చూసేది రెండే. మొదటిది, మీ ఇంటికి ఆటోలో వెళ్లేంత దూరంలో సర్వీసు సెంటరు ఉందా, కింది పళ్లెం విడిగా అమ్ముతారా. ఎందుకంటే కెటిల్‌లో ముందు పోయేది ఆ పళ్లెమే. వెచ్చగా ఉంటుందని చీమలు, బొద్దింకలు అందులో కాపురం పెడతాయి. నీళ్లు ఒలికినప్పుడు ముల్లు నల్లబడుతుంది. రెండోది, ఐ.ఎస్.ఐ. గుర్తు. ఇంటి కెటిళ్లకు ఐ.ఎస్. 367 అని ప్రమాణం ఉంది. గుర్తు కింద సి.ఎం./ఎల్. అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ల బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొడితే ఆ కంపెనీ పేరు రావాలి. వేరే పేరు వస్తే తిరిగిచ్చేయండి. పేరు విననివి 400, 450కి దొరికేవాటిని విప్పి చూశాను. తీగ వెంట్రుకలా ఉంటుంది, కొన్నింటిలో ఎర్త్ పిన్ను ఉంటుంది కానీ దానికి లోపల తీగే కలిపి ఉండదు.

తెచ్చిన రోజు నిండా నీళ్లు పోసి కాచి పారబోయండి, ఇలా రెండు మూడుసార్లు. తయారీలో అంటిన నూనె వాసన దాంతో పోతుంది. మూడోసారి తర్వాత కూడా ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంటే, లేదా పది నిమిషాలు వాడాక ప్లగ్గు పట్టుకోలేనంత వేడెక్కుతుంటే, వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే ఇచ్చేయండి. ప్లగ్గు వేడెక్కడం కెటిల్ తప్పో, మీ పాయింటు తప్పో తేల్చుకోవాలంటే పక్కింటివాళ్ల పవర్ పాయింటులో పెట్టి చూడండి. అక్కడ చల్లగా ఉంటే కెటిల్ ఉంచుకుని, మీ ఓనరుతో చెప్పి పాయింటు మార్పించండి, సామాను ఖర్చు రెండు మూడు వందలు దాటదు.